జస్టిఫికేషన్ అనే మాటకు ‘సమర్థన’ ఒక్కటే సరిపోతుందా?

కావలి నుంచి ఒక ఆంగ్ల అధ్యాపకురాలి ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు ఆంగ్లం చెబుతాను. మా తరగతిలో ఎక్కువమంది తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు కనుక కఠినమైన మాట వచ్చినప్పుడు దాని తెలుగు అర్థాన్ని బోర్డు మీద రాసి ముందుకు వెళ్తుంటాను. ‘జస్టిఫికేషన్’ దగ్గర ఆ పద్ధతి నిలవడం లేదు. నిఘంటువు చూసి ‘సమర్థన’ అని రాశాను. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తమ క్రైస్తవ సంఘంలో తరచుగా వినే ‘నీతిమంతులుగా తీర్చబడుట’ కూడా ఈ మాటే కదా అని అడిగింది. డీటీపీ నేర్చుకుంటున్న అబ్బాయి, పేరాను రెండు అంచులకూ సమంగా సర్దడాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తామన్నాడు. ఇద్దరు చెప్పినదీ నిజమే. అయితే వీటన్నిటినీ కలిపే మూలార్థం ఏమైనా ఉందా?

దానికంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది రెండో సందేహం. ఏదో ఒక కారణం చెబితే చాలు, జస్టిఫికేషన్ అయిపోయినట్టే అని పిల్లలు అనుకుంటున్నారు. వ్యాసంలో ఒక అభిప్రాయం రాసి దాన్ని జస్టిఫై చేయమంటే, ఆ అభిప్రాయం తమకు ఎలా కలిగిందో రాస్తున్నారు గానీ అది ఎందుకు సరైనదో రాయడం లేదు. కారణం, సంజాయిషీ, సమర్థన, సాకు అనే మాటల మధ్య హద్దులు ఎక్కడ ఉన్నాయో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

నెల్లూరు న్యాయవాది:

అమ్మా, మీ రెండో సందేహంతోనే మొదలుపెడతాను. ‘ఇది ఎందుకు జరిగింది’ అనే ప్రశ్నకు జవాబు కారణం. ‘అలా చేయడం న్యాయమేనా’ అనే ప్రశ్నకు జవాబు జస్టిఫికేషన్. పొలం గట్టు తగాదాలో పాత కక్ష మనసులో పెట్టుకొని కొట్టాడంటే అది కారణమే, చాలా బలమైన కారణం కూడా. కానీ దానివల్ల ముద్దాయికి ఒరిగేదేమీ లేకపోగా, మోటివ్ కింద ప్రాసిక్యూషన్‌కే అది పనికివస్తుంది. తన మీద కత్తి ఎత్తినవాడి చేతి మీద కర్రతో కొట్టాడంటే, అది కారణమూ అవుతుంది, జస్టిఫికేషనూ అవుతుంది.

చట్టంలో మూడో మాట ఒకటి ఉంది, దానిని వేరు చేయకపోతే గందరగోళం తీరదు. చేసిన పని మంచిదే, లేదా కనీసం ఆ పరిస్థితిలో చేయదగినదే అని చెప్పడం జస్టిఫికేషన్. పని తప్పే, కానీ చేసిన మనిషిని తప్పుపట్టలేము అని చెప్పడం ఎక్స్‌క్యూజ్. మొదటిది పనిని చూస్తుంది, రెండోది మనిషిని చూస్తుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి వీటిని రెండు వేర్వేరు పేర్ల కింద విడగొట్టలేదు. సాధారణ మినహాయింపులు అనే ఒకే అధ్యాయంలో కలిపి పెట్టింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అదే దారిలో నడిచి, 14 నుంచి 44 వరకు సెక్షన్లలో వాటిని ఉంచింది. ఆత్మరక్షణ హక్కు 34వ సెక్షన్ నుంచి మొదలవుతుంది, అది జస్టిఫికేషన్. మతిస్థిమితం లేనివాడు చేసిన పని 22వ సెక్షన్ కింద నేరం కాదు, అది ఎక్స్‌క్యూజ్.

ఈ తేడా పండితుల మాటల పట్టింపు కాదని చూపించే సెక్షన్ 36వది. మతిస్థిమితం లేని మనిషి మీ మీద గొడ్డలి ఎత్తాడనుకోండి. అతని పని నేరం కాదు కనుక మీరు నిలబడి దెబ్బ తినవలసిందేనా? కాదు, నేరం చేస్తున్నవాడి నుంచి కాపాడుకోవడానికి ఎంత హక్కు ఉందో, అంత హక్కే ఇతని నుంచి కాపాడుకోవడానికీ ఉందని ఆ సెక్షన్ చెబుతుంది. అంటే చట్టం అతణ్ణి క్షమించింది గానీ, అతని పనిని ఒప్పుకోలేదు. అదే మీరు న్యాయంగా ఆత్మరక్షణ చేసుకుంటున్నారనుకోండి, మీ మీదికి వచ్చినవాడు ‘నన్నూ నేను కాపాడుకుంటున్నాను’ అని తిరగబడి కొట్టే హక్కు పొందడు. మీ పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తోచడం లేదు.

జస్టిఫికేషన్‌కు ఒక కొలత కూడా ఉంటుంది. 37వ సెక్షన్ ప్రకారం రక్షణకు అవసరమైనదానికంటే ఎక్కువ హాని చేసే హక్కు ఎవరికీ లేదు. ప్రభుత్వాధికారుల సహాయం కోరడానికి సమయం ఉన్నచోట ఆ హక్కే పుట్టదు. కత్తి జారిపోయి పారిపోతున్నవాడిని వెంటాడి కొట్టినవాడికి మొదటి దెబ్బ దగ్గర జస్టిఫికేషన్ ఉంది, చివరి దెబ్బ దగ్గర లేదు. మా క్రిమినల్ కేసుల్లో చాలా వాదన ఈ రెండు దెబ్బల మధ్య ఉన్న నిమిషం గురించే జరుగుతుంది.

17వ సెక్షన్ ఇంకా సున్నితమైనది. ఒకడు మరొకణ్ణి చంపుతున్నట్టు కనబడితే, చూసినవాడు సదుద్దేశంతో అతణ్ణి పట్టుకొని పోలీసులకు అప్పగించాడు. తీరా చూస్తే అతను ఆత్మరక్షణ కోసమే ఆ పని చేశాడని తేలింది. పట్టుకున్నవాడు నేరం చేయలేదు, ఎందుకంటే వాస్తవం విషయంలో పొరబడి, చట్టం తనను సమర్థిస్తుందని నిజాయితీగా నమ్మాడు. అయితే పొరపాటు వాస్తవం గురించినదై ఉండాలి. చట్టం తెలియక పొరబడ్డానంటే ఎవరూ వినరు.

పరువునష్టం దావాల్లో ఈ మాటకు ప్రత్యేకార్థం ఉంది. నష్టపరిహారం కోరుతూ వేసిన సివిల్ దావాలో ‘నేను రాసినది నిజమే’ అని వాదించడాన్నే జస్టిఫికేషన్ అంటారు, నిజమని నిరూపిస్తే అది పూర్తి రక్షణ. క్రిమినల్ కేసులో అలా కాదు. 356వ సెక్షన్ మొదటి మినహాయింపు ప్రకారం నిజం కావడమే చాలదు, దానిని బయటపెట్టడం ప్రజాహితం కోసం అయి ఉండాలి. చెప్పింది నిజం కావడం వేరు, చెప్పడం న్యాయం కావడం వేరు అన్న మాట.

ఒంగోలు నుంచి, సంఘ కాపరి:

అధ్యాపకురాలు గారు ప్రస్తావించిన అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా లోతైనది. ఆ ప్రశ్నకు మా ప్రాంతంలో ప్రత్యేకమైన నేపథ్యం ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో పని ప్రారంభించింది. 1860ల్లో ఒంగోలుకు వచ్చిన ఆ మిషనరీ జాన్ క్లౌ కాలంలో, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకుముందు 1876-78 నాటి మహా కరువు కాలంలో, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని క్లౌ తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. ఆ సహాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపివేశాడు, తిండి కోసం ఎవరూ విశ్వాసం ప్రకటించకూడదని. బాప్టిస్టుల ఉపదేశం ప్రకారం మనిషి నీతిమంతుడుగా తీర్చబడేది విశ్వాసం వలన, బాప్తిస్మం దానికి సాక్ష్యం మాత్రమే. అందువల్ల విశ్వాసం లేని బాప్తిస్మానికి అర్థం లేదు.

ఇక్కడ న్యాయవాది గారు చెప్పిన అర్థం తలకిందులవుతుంది. కోర్టులో మనిషి తన పనిని సమర్థించుకుంటాడు. బైబిలులో పౌలు రాసిన రోమా పత్రికలో, అంటే రోమావారికి రాసిన లేఖలో, మనిషికి సమర్థించుకోవడానికి ఏమీ మిగలదు. న్యాయాధిపతి అయిన దేవుడే కృపచేత అతణ్ణి నీతిమంతుడని తీరుస్తాడు. సమర్థించేవాడు ముద్దాయి కాదు, తీర్పరి. కనుక ఇక్కడ ‘సమర్థన’ అని అనువదిస్తే అర్థం పూర్తిగా చెడిపోతుంది.

మన తెలుగు బైబిలు అనువాదకులు ఎంచుకున్న ‘తీర్చు’ అనే క్రియ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. తగవు తీర్చడంలో ఉన్నదీ అదే, ముగ్గును తీర్చిదిద్దడంలో ఉన్నదీ అదే. ఐరోపాలో 16వ శతాబ్దంలో జరిగిన వివాదమంతా ఈ రెండింటి మధ్యనే నడిచింది. గ్రీకు మూలంలోని క్రియకు నీతిమంతుడని ప్రకటించడం అని అర్థమని ప్రొటెస్టెంటు సంస్కర్త మార్టిన్ లూథర్, ఆయన వెంట నడిచినవారు పట్టుబట్టారు. జస్టిఫికేషన్‌కు మూలమైన లాటిన్ మాటలో నీతిమంతుణ్ణి చేయడం అనే అర్థం ఉంది. 1547లో కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ, అది పాపక్షమాపణ మాత్రమే కాదు, మనిషి అంతరంగం నూతనం కావడం కూడా అని నిర్ణయించింది. తీర్పు చెప్పడమా, తీర్చిదిద్దడమా అన్నదే వివాదం. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో లూథరన్ సంఘాల సమాఖ్య, రోమన్ కథోలిక సంఘం ఈ సిద్ధాంతం మీద సంయుక్త ప్రకటన చేసి, మౌలిక సత్యాల విషయంలో తమకు ఏకాభిప్రాయం ఉందని చెప్పాయి. నాలుగు శతాబ్దాలకు పైగా నడిచిన వివాదంలో అది చిన్న అడుగు కాదని నా నమ్మకం.

యాకోబు పత్రికలో క్రియల మూలంగా కూడా మనుష్యుడు నీతిమంతుడని యెంచబడతాడని ఉంది కదా అని ఆ అమ్మాయి తప్పక అడుగుతుంది. మా సంఘాల్లో చెప్పే వివరణ ఇది: పౌలు దేవుని యెదుట నీతిమంతులయ్యే మార్గం గురించి మాట్లాడుతున్నాడు, యాకోబు ఆ విశ్వాసం నిజమైనదని రుజువు చేసే నడత గురించి మాట్లాడుతున్నాడు. ఇతర సంఘాలవారు దీనికి వేరే వివరణ చెప్పవచ్చు.

నెల్లూరు నుంచి, అచ్చుపని చేసే వ్యక్తి:

మా పనిలోని అర్థం క్లుప్తంగా చెబుతాను. సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటరు స్టిక్‌లో, అంటే చేతిలో పట్టుకునే చిన్న పళ్ళెంలో, అక్షరాలు పేర్చుతూ, వరుస పూర్తిగా బిగిసేదాకా మాటల మధ్య ఖాళీ ముక్కలు దూర్చేవాడు. అంచు అందంగా కనబడటం కోసం మాత్రమే చేసే పని కాదది. ఒక్క వరుస వదులుగా ఉన్నా, పేజీని చట్రంలో బిగించినప్పుడు ఆ వరుసలోని అక్షరాలు కదిలిపోతాయి, రాలిపోతాయి కూడా. కాబట్టి జస్టిఫై చేయడమంటే వరుసను ఉండవలసిన కొలతకు ఖచ్చితంగా తీసుకురావడం. ఎక్కువా కాదు, తక్కువా కాదు, సరిగ్గా. మీరు అడిగిన మూలార్థం ఇదేనేమో ఆలోచించండి.

తెలుగులో ఈ పని కష్టం. ‘ప్రధానోపాధ్యాయులందరికీ’ వంటి మాట సన్నని కాలమ్‌లో వరుస చివర పట్టకపోతే కిందికి దిగిపోతుంది. పైన మిగిలిన మూడు మాటల మధ్య తూములంత ఖాళీలు పడతాయి. పాత పుస్తకాల్లో మాటను ఏ అక్షరం దగ్గరైనా విరిచి, అడ్డగీత కూడా పెట్టకుండా కింది వరుసలో కొనసాగించేవారు. చదివేవారికి అది అలవాటే. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి తెలుగు మాటను ఎక్కడ విరవవచ్చో తెలియదు కనుక ఖాళీలు పెంచడమొక్కటే చేస్తాయి. అందుకే సన్నని కాలమ్‌లకు, కరపత్రాలకు ఎడమ అంచు మాత్రమే సరిచేసి, కుడి అంచును వదిలేయమని నేను సలహా ఇస్తాను. ఇంకొకటి, షిఫ్ట్‌తో కలిపి ఎంటర్ కొట్టిన చోట పొట్టి వరుస కూడా సాగిపోయి వికారంగా కనబడుతుంది. అక్కడ పేరా ముగించాలి.

సింగరాయకొండ నుంచి, తెలుగు పండితుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు:

అమ్మా, మీ విద్యార్థులు వ్యాసంలో చేస్తున్న పొరపాటు తర్కశాస్త్రానికి సంబంధించినది. ఒక విశ్వాసం నాకు ఎలా కలిగింది అన్నది ఒక విషయం, దానిని నమ్మడానికి నాకు అర్హత ఉందా అన్నది మరొక విషయం. మన నైయాయికులు, అంటే న్యాయ దర్శనాన్ని అనుసరించిన తార్కికులు, రెండోదాన్ని ప్రమాణం పేరుతో విచారించారు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పారు. ఎదుటివాడిని ఒప్పించేటప్పుడు ప్రతిజ్ఞ (నిరూపించదలచిన మాట), హేతువు, ఉదాహరణ, ఉపనయం (అన్వయం), నిగమనం (ముగింపు) అనే అయిదు మెట్లు ఉండాలన్నారు. ‘కొండ మీద నిప్పు ఉంది, ఎందుకంటే పొగ ఉంది’ అన్నంతమాత్రాన సరిపోదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనే నియమం, అది వంటింట్లో చూసిన ఉదాహరణ, ఈ కొండ మీది పొగ ఆ నియమానికి లోబడినదే అన్న అన్వయం, ఇవన్నీ చెప్పాలి. మీ పిల్లల చేత ఒక అభిప్రాయాన్ని ఈ అయిదు మెట్లలో రాయించి చూడండి. ఏ మెట్టు దగ్గర వారి ఆలోచన కుంటుతున్నదో వారికే తెలిసిపోతుంది. తర్కశాస్త్రానికి ప్రవేశగ్రంథమైన తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడేనని ప్రసిద్ధి. కాశీకి వెళ్ళినంతమాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడని సంస్కృతంలో సామెతే పుట్టింది.

హేతువులా కనబడుతూ హేతువు కానిదాన్ని హేత్వాభాసం అన్నారు. దీనికీ సాకుకూ తేడా ఉంది. హేత్వాభాసాన్ని నిజాయితీపరుడు కూడా చెప్పవచ్చు, అతనికి తన తప్పు కనబడకపోవచ్చు. సాకు చెప్పేవాడికి అది అసలు కారణం కాదని తెలుసు.

ఇంకొక చిక్కు ఉంది. ఉదయగిరి కొండ మీద లేచిన దుమ్మును దూరం నుంచి చూసి, పొగ అనుకొని, అక్కడ నిప్పు ఉందని ఒకడు నిర్ణయించాడు. దైవికంగా అక్కడ నిజంగానే నిప్పు ఉంది. అతని మాట నిజమైంది. మరి అతనికి తెలిసినట్టేనా? ఇటువంటి చిక్కులను 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యం అనే తన గ్రంథంలో లేవనెత్తాడు. పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో జ్ఞానమంటే జస్టిఫికేషన్ ఉన్న నిజమైన నమ్మకం అనే నిర్వచనాన్ని ఎడ్మండ్ గెటియర్ 1963లో మూడు పేజీల చిన్న వ్యాసంతో కదిలించాడు. తగిన ఆధారం ఉండి, నమ్మినది నిజమై కూడా, ఆ రెండూ కలిసింది కాకతాళీయంగానైతే దానిని జ్ఞానం అనలేమని అతను చూపించాడు.

తెలుగు మాటల గురించి ఒక్కటి చెబుతాను. ‘సమర్థించు’ వేరు, ‘సమర్థించుకొను’ వేరు. ఆ ‘కొను’ చేరగానే చేసినవాడి స్వార్థం కూడా మాటలోకి వచ్చి చేరుతుంది. ‘ఆయన ఆ నిర్ణయాన్ని సమర్థించాడు’ అంటే వింటాం. ‘సమర్థించుకున్నాడు’ అంటే అనుమానిస్తాం. ఆంగ్లంలో ఒకే మాటలో కలిసిపోయిన ఈ రెండు ఛాయలను మన క్రియ తనంతట తానే విడదీసి చూపిస్తుంది.

కావలి అధ్యాపకురాలు:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. న్యాయవాది గారిని మరొకటి అడగాలి. మా జిల్లా దూబగుంటలో 1992లో మహిళలు లేచి సారా దుకాణాలను మూయించారు, వేలంపాటలను అడ్డుకున్నారు. అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకున్న పాఠాలే వారిని కదిలించాయని చెబుతారు. లైసెన్సు ఉన్న దుకాణాన్ని అడ్డుకోవడం ఆనాటి చట్టం ప్రకారం తప్పే కదా. అయినా ఆ పని న్యాయమని మేమంతా నమ్ముతాం. ఇది ఏ రకమైన జస్టిఫికేషన్?

నెల్లూరు న్యాయవాది:

చట్టం ఇచ్చే జస్టిఫికేషన్ అక్కడ దొరకడం కష్టం. ప్రాణానికో ఆస్తికో మరింత పెద్ద హాని తప్పించడానికి చేసిన పనిని 19వ సెక్షన్ కాపాడుతుంది. అది అప్పటి శిక్షాస్మృతిలో 81వ సెక్షన్. కానీ తాగుడువల్ల నెమ్మదిగా కూలిపోయే ఇంటిని కాపాడటానికి ఆ సెక్షన్‌ను సాగదీయడానికి కోర్టులు సులభంగా ఒప్పుకోవు. వారిది నైతిక సమర్థన. చట్టం ముందు సమర్థన చెప్పుకోవడం వేరు, చట్టాన్నే సమర్థన చెప్పుకొమ్మని నిలదీయడం వేరు. దూబగుంట మహిళలు చేసినది రెండోది, ప్రభుత్వం దానికి జవాబు చెప్పవలసి వచ్చింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. తరువాత ఆ మద్యనిషేధాన్ని సడలించిన సంగతి వేరు.

ఈ తేడాను గాంధీ అత్యంత స్పష్టంగా చూపించారు. 1921 ఏప్రిల్‌లో పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించిన ఆయనే, 1922 మార్చి 18న అహ్మదాబాదులో రాజద్రోహ నేరం మీద విచారణకు నిలబడ్డారు. నేరం ఒప్పుకున్నారు, ఏ మినహాయింపూ కోరలేదు. తాను ఎందుకు ప్రభుత్వానికి ఎదురు తిరిగిందీ వివరించి, గరిష్ఠ శిక్ష వేయమన్నారు. జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ఆరేళ్ళ శిక్ష వేశారు.

ఒంగోలు నుంచి, ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు చూసిన విశ్రాంత ఉద్యోగి:

సంజాయిషీ గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. పైఅధికారి అడిగితే కింది ఉద్యోగి ఇచ్చుకునే వివరణ సంజాయిషీ. అందులో కారణం ఉండవచ్చు, సమర్థన ఉండవచ్చు, క్షమాపణ ఒక్కటే కూడా ఉండవచ్చు. అది రాసినదాని గుణాన్ని బట్టి వచ్చిన పేరు కాదు, అడిగిన సందర్భాన్ని బట్టి వచ్చిన పేరు. సవరించిన అంచనా పంపేటప్పుడు, టెండరు లేకుండా నామినేషన్ మీద పని అప్పగించేటప్పుడు ఫైలులో రాసే జస్టిఫికేషన్ దీనికి భిన్నమైనది. అది పని జరగక ముందే రాయాలి. పని అయిపోయాక ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు రాసేది ఎంత చక్కగా ఉన్నా సంజాయిషీయే అవుతుంది.

నెల్లూరు న్యాయవాది:

మీరు చెప్పిన ముందు, తరువాత అనే తేడాకు సుప్రీంకోర్టు తీర్పు ఆధారం కూడా ఉంది. 1978లో రిపోర్టయిన మొహిందర్ సింగ్ గిల్ కేసులో, ఒక అధికారి కారణాలు చూపి జారీచేసిన ఉత్తర్వు చెల్లుతుందో లేదో ఆ ఉత్తర్వులో రాసిన కారణాలను బట్టే చూడాలనీ, కోర్టుకు వచ్చాక అఫిడవిట్‌లో కొత్త కారణాలు చేర్చి దానిని నిలబెట్టకూడదనీ చెప్పారు. ఉత్తర్వు మీద రిట్ వేసేటప్పుడు మేము మొదట చూసేది ఆ కాగితంలో ఆ రోజు ఏ కారణం రాసి ఉన్నదన్నదే.